ముప్పై ఏడో అర్థం

పోయిన ఏడాది మా ఉన్నత పాఠశాల నుంచి ప్రభుత్వానికి వెళ్లిన అర్జీలు మూడు. ఒకటి, ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు కావాలని. రెండు, లెక్కల టీచరు కావాలని. మూడు, ఆగిపోయిన బస్సు మళ్లీ రావాలని. ఈ మూడింటినీ సానుభూతితో పరిశీలించి, పోయిన జులైలో మాకు ఒక ఇంగ్లిషు మాట మంజూరు చేశారు.

మాట ఆటోలో వచ్చింది. అట్టపెట్టెలో, థర్మోకోల్ ముక్కల మధ్య, అద్దాల ఫ్రేములో భద్రంగా వచ్చింది. మండలంలో పదకొండు బళ్లకు పదకొండు మాటలు పంపారు. దీన్ని పద దత్తత పథకం అంటారు. పల్లెటూరి పిల్లలకు ఇంగ్లిషు ఎందుకు రావడం లేదని పెద్దలు రెండు రోజులు ఏసీ హాల్లో కూర్చుని ఆలోచించారట. మేము ఎక్కువ మాటలు కొంచెం కొంచెంగా నేర్చుకుంటున్నామని వాళ్లకు తెలిసింది. తక్కువ మాటలు పూర్తిగా నేర్చుకుంటే బాగుపడతాం. అన్నిటికంటే తక్కువ ఒకటి. కాబట్టి బడికి ఏడాదికి ఒక్క మాట, దానికి ఉన్న అర్థాలన్నీ. పూర్తి కాకపోతే పూర్తయ్యేదాకా అదే మాట.

ఎవరికి ఏ మాట అన్నది మండల కార్యాలయంలో చీటీలు తీసి తేల్చారు. పక్క ఊరు కొత్తమిట్ట బడికి 'అంబ్రెల్లా' వచ్చింది. వాళ్లు మధ్యాహ్న భోజనం గంట కొట్టేలోపే గొడుగు తెరిచి, మూసి, ఫొటోలు తీసి, పథకం పూర్తి చేసి పారేశారు. వాళ్ల హెడ్మాస్టారికి శాలువా కప్పారు. ఆ ఫొటో పేపర్లో చూసినప్పటినుంచి మా హెడ్మాస్టారు గురవయ్య గారు మనిషి మనిషిలా లేరు. మరుసటి ఏడాది జూన్ నెలాఖరుకు ఆయన రిటైరవుతారు. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఒక్క శాలువా పడలేదు.

ఆయన తీసిన చీటీలో 'రన్' అని ఉంది.

రన్ అంటే పరుగే కదా, పిల్లల్ని గ్రౌండులో పరిగెత్తిస్తే సాయంత్రానికి శాలువా వచ్చేస్తుందని ఆయన సంబరపడ్డారు. ఇంగ్లిషు టీచరు ప్రసూనాంబ గారు డిక్షనరీ తెరిచి ఒక పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏం టీచర్, ఇంకా అయిపోలేదా?" అన్నారు హెడ్మాస్టారు.

"జ్వరం దాకా వచ్చాను సార్. ఇంకా ఎన్నికలు, క్రికెట్టు, ముక్కు, కుళాయి ఉన్నాయి."

ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. శాఖ వారు దయతలచి ఆ అర్థాలన్నిటినీ నలభై రెండుకు కుదించి జాబితా పంపారు. దాంతోపాటు నిబంధనలూ పంపారు. నాలుగో నిబంధన: ప్రతి అర్థమును నోటితో గాక ప్రత్యక్ష ప్రదర్శన ద్వారా బోధించి, స్థల, కాల వివరములతో కూడిన ఛాయాచిత్రమును యాప్ నందు పొందుపరచవలెను. తొమ్మిదో నిబంధన: సదరు అర్థము తనకు బోధపడినట్లు ప్రతి విద్యార్థి రిజిస్టరు నందు సంతకము చేయవలెను. పదకొండో నిబంధన: ఏ ఒక్క విద్యార్థికైనను అర్థము బోధపడని పక్షమున, బోధపడునంతవరకు సదరు ప్రదర్శనను ప్రతి పనిదినమున పునరావృతము చేయవలెను.

ఈ నిబంధనలు రిజిస్టరు మొదటి పేజీలో నేనే ఎత్తి రాశాను. పదో తరగతిలో నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకు అప్పగించారు. రాయడం తప్ప నాకు ఇంకే పనీ చెప్పరు. నా గొంతు నా బెంచీ దాటదు. హాజరు పిలిచినప్పుడు నేను "ప్రెజెంట్ సార్" అంటాను, అది ఎవరికీ వినపడదు. ఎనిమిదో తరగతిలో అలా పదకొండు రోజులు బడిలో కూర్చునే ఆబ్సెంటు అయ్యాను. మా గౌసియా నా పక్కన చేరాక "ఓబులేశ్వరి ఉండాది సార్, ఇదిగో ఈడే ఉండాది" అని తనే అరిచి చెప్పడం మొదలుపెట్టింది.

మొదటి అర్థం, పరుగు, ఒక్క పూటలో అయిపోయింది. ఎనభై మూడు మందీ సంతకాలు పెట్టారు.

ముక్కు కారడం దగ్గర చిక్కు వచ్చింది. సుద్దముక్కల పొడి పడక గురవయ్య గారి ముక్కు ఏడాది పొడవునా కారుతుంది. ఆ బాధ్యత ఆయనే తీసుకున్నారు. తీరా ఫొటో తీయడానికి మండల పద వికాస అధికారి పరాంకుశం గారు జీపు దిగేసరికి ఆ ముక్కు పొడిగా ఉంది. ముప్పై మూడేళ్లలో మొదటిసారి. ఆయన చన్నీళ్లు తాగారు, మిరపకాయ వాసన చూశారు, ఫ్యాను కింద తల తడుపుకుని నిలబడ్డారు. పరాంకుశం గారు వాచీ చూసుకుని, "ప్రధానోపాధ్యాయుల వారి నాసిక యందు సరఫరా లేని కారణమున ప్రదర్శన వాయిదా" అని రాసుకుని వెళ్లారు. జీపు మలుపు తిరిగిందో లేదో సార్ ముక్కు కారడం మొదలైంది.

బట్టల రంగు పోవడమనే అర్థం మాకు సులువు. ప్రభుత్వం ఇచ్చిన యూనిఫాం మొదటి ఉతుకులోనే బకెట్ నీళ్లను నీలంగా మార్చింది. ఆ బకెట్ చూపించాం. పరాంకుశం గారు ముఖం తిప్పుకున్నారు.

"ప్రభుత్వ ఏకరూప దుస్తుల రంగు వెలిసిపోదు గాక వెలిసిపోదు. అట్టి ఛాయాచిత్రమును యాప్ స్వీకరించదు. ప్రైవేటు వస్త్రమును తీసుకొని రండి."

మేము ఇళ్లలో రంగు పోయే గుడ్డ కోసం వెతికాం. ఒక్కటీ పోలేదు. చివరికి ఒక యూనిఫాం జేబే కత్తిరించి, అది ప్రైవేటు గుడ్డ అని రాసి, ముంచాం.

కుళాయి పారడం ఇరవై రెండో అర్థం. బడి కుళాయిలో నీళ్లు వచ్చి రెండేళ్లయింది. ఆడపిల్లలం వరసగా నిలబడి బోరింగు నుంచి బిందెలతో మిద్దె మీది ట్యాంకు నింపాం. గంటంపావు పట్టింది. కుళాయి నాలుగు నిమిషాలు పారింది. ఫొటో పైకి వెళ్లింది. మరుసటి వారం కుళాయి బాగుచేయమన్న మా రెండేళ్ల నాటి అర్జీకి జవాబు వచ్చింది. సదరు పాఠశాల నందు కుళాయి పారుచున్నట్లు ఆధారసహితముగా నమోదైనందున అర్జీ ముగించడమైనదని అందులో ఉంది.

జ్వరం మాత్రం దానంతటదే వచ్చింది. సెప్టెంబరులో ఒకరోజు మా గౌసియా వణుకుతూ బెంచీ మీద పడుకుంది. ప్రసూనాంబ టీచరు థర్మామీటరు పెడితే నూటమూడు ఉంది. "అర్థం నంబరు పద్ధెనిమిది!" అని గురవయ్య గారు పరిగెత్తుకొచ్చారు. మా బడిలో సిగ్నల్ ఉండదు. వెనక గుట్ట ఎక్కితేనే వస్తుంది. గౌసియాను చెరో రెక్కా పట్టుకుని గుట్ట ఎక్కించాం. ఫొటో తీశారు. ఫోన్లో చక్రం తిరుగుతూ ఉంది.

"సార్, పిల్లని ఆస్పత్రికి తీసకపోవాల," అన్నారు టీచరు.

"ఒక్క నిమిషం టీచర్. డెబ్బై శాతం అయింది. ఎర్రర్ వస్తే మళ్లీ తీయాలి గదా. అందాక మాత్రెయ్యబాకండి, జ్వరం తగ్గుద్ది."

గౌసియా రాయి మీద కూర్చుని నా భుజానికి తల ఆనించి, "ఏమే ఓబులూ, నా జ్వరం యాడిదాకా పోయిందే?" అంది.

"ఎనభై శాతం," అన్నాను.

"నాకంటే ముందు అదే పోయింది టౌనుకి," అని నవ్వబోయి దగ్గింది.

టౌను మా ఊరికి పంతొమ్మిది కిలోమీటర్లు. ఆ రోజు ఆమెను మొక్కజొన్న చొప్ప వేసుకొచ్చిన ట్రాక్టరులో, చొప్ప మీద పడుకోబెట్టి తీసుకెళ్లారు. పది రోజులు బడికి రాలేదు. వచ్చాక రిజిస్టరులో పద్ధెనిమిదో అర్థం దగ్గర సంతకం పెట్టించుకున్నారు. బాగా అర్థమైందని తనంతట తనే పక్కన రాసింది.

ఇక్కడ బస్సు సంగతి చెప్పాలి. మూడేళ్ల కిందటిదాకా మా పెదగుండ్లవాగుకు రోజుకు రెండుసార్లు బస్సు వచ్చేది. ఎక్కేవాళ్లు తక్కువగా ఉన్నారని ఆపేశారు. తర్వాత ఎన్నిసార్లు అర్జీ పెట్టినా డిపో నుంచి ఒకటే జవాబు, ఆ మార్గంలో బస్సెక్కేవాళ్లు లేరని. బస్సు లేని చోట బస్సెక్కేవాళ్లు ఎలా ఉంటారో వాళ్లు రాయలేదు. ఆటోలున్నాయి. ఒక్కోదానిలో పదిహేను మందిని ఎక్కిస్తారు, మగపిల్లలు వెనక వేలాడతారు. ఆ ఆటోలో రోజూ కాలేజీకి ఏ ఇంట్లోనూ ఆడపిల్లల్ని పంపరు. బస్సు ఆగిన తర్వాత మా బడిలో పదో తరగతి పాసైన ఆడపిల్లలు పంతొమ్మిది మంది. కాలేజీలో చేరింది ఒక్కతే, ఆమె పిన్ని ఇల్లు టౌన్లో ఉంది కాబట్టి. మిగతావాళ్లంతా పలకల ఫ్యాక్టరీలో పలకలకు చట్రాలు బిగిస్తున్నారు. మా నాయన పలకల గనిలో రాయి చీలుస్తాడు. నాకోసం కూడా ఫ్యాక్టరీ మేస్త్రీకి ముందే చెప్పి ఉంచాడు.

"బస్సుంటే పంపిస్తా. లేకుంటే లేదు," అన్నాడు ఒకరోజు అన్నం తింటూ. "నేనేం చదువొద్దనడంలా. దారి ఉండాలి గదా. దాన్ని గురించి ఇంక నన్నడగబాకు."

నేను అడగలేదు. నేను ఎప్పుడూ అడగను.

జనవరిలో ముప్పై ఏడో అర్థం వచ్చింది. జాబితాలో ఇలా ఉంది: 'బస్సు, రైలు మొదలగునవి ఒక మార్గమున క్రమము తప్పక తిరుగుట.' రైలుకు మా ఊళ్లో పట్టాలు లేవు కాబట్టి బస్సే చూపించాలి. గురవయ్య గారు పరాంకుశం గారికి రాశారు. పరాంకుశం గారు జిల్లాకు రాశారు. జిల్లా నుంచి డిపోకు ఉత్తరువు వెళ్లింది. ఊరంతా వేలిముద్రలేసి మూడేళ్లు అడిగినా రాని బస్సు, ఒక మాటకు అర్థం కావాలనేసరికి నాలుగు రోజుల్లో వచ్చింది.

దాని రేడియేటరుకు మామిడాకులు కట్టారు. ఊళ్లో సగంమంది ఎక్కి కూర్చున్నారు. డ్రైవరు సుభానీ అన్న కిందికి దిగి మా బడి బోర్డు చూసి, "మీరెవరన్నా టౌనుకి పోయేవాళ్లా, లేకపోతే పాఠమా?" అని అడిగాడు.

"పాఠమే," అన్నారు పరాంకుశం గారు. "వాహనమును ఒకసారి అటునుండి ఇటు తీసుకొని రావలెను. అంతియే."

ఫొటో తీశారు. యాప్ తిరగ్గొట్టింది. ఒక్క ఫొటోతో బస్సు ఉన్నట్టు తెలుస్తుంది గానీ క్రమం తప్పక తిరిగినట్టు తెలియదట. కనీసం పది పనిదినాల ఫొటోలు, ఉదయం ఎనిమిదింబావుకు ఊళ్లో, సాయంత్రం అయిదుకు టౌను బస్టాండులో, కావాలట. పరాంకుశం గారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. సుభానీ అన్న బీడీ పారేసి, "ఇదేందబ్బా, నాకు రూటేసిండేది డిపోనా, డిక్షనరీనా?" అన్నాడు.

అలా పది రోజులు మా ఊరికి బస్సు వచ్చింది. మా అమ్మ రెండేళ్ల నుంచి వాయిదా వేస్తున్న పంటిని పీకించుకుంది. గౌసియా వాళ్ల అమ్మీ గోంగూర కట్టలు టౌనుకు తీసుకెళ్లి ఖాళీ గంపతో వచ్చింది. సైన్సు సారు మొదటి పీరియడ్‌కు వచ్చారు. మొదటి పీరియడ్‌లో ఆయన్ని చూసి ఆరో తరగతి వాళ్లు కొత్త సారు అనుకున్నారు.

ఎనిమిదో రోజు నాయన గనికి పోలేదు. నన్ను బస్సెక్కించి టౌనుకు తీసుకెళ్లాడు. ఎక్కడికని నేను అడగలేదు. జూనియర్ కాలేజీ గేటు ముందు ఆగాడు. లోపలికి పోలేదు. వాచ్‌మన్‌ను మాత్రం, "సాయంత్రం ఎన్నింటికి వదుల్తారన్నా?" అని అడిగాడు. నాలుగున్నరకు అని అతను చెప్పాడు. గేటు నుంచి బస్టాండు దాకా నాయన నన్ను నడిపించి, వాచీ చూసి, అయిదింటి బస్సు ఇంకా కదలకపోవడం చూశాడు.

"సరిపోద్ది," అన్నాడు.

మా నాయన పొగడ్త అంటే అంతే. దానికి మించి అనడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

పదో రోజు సాయంత్రం బస్సు ఊళ్లో ఆగినప్పుడు సుభానీ అన్న నాతో చెప్పాడు. "ఎల్లుండి నించి రానమ్మా. మీ అర్థం రేపటితో అయిపోద్దంట. పొద్దున ఒక్కసారి ఆఖరుగా వచ్చిపోతా, అంతే."

మరునాడు బడిలో కుర్చీలు వేశారు. మిగతా అర్థాలన్నీ ముగిశాయి. ముప్పై ఏడు దగ్గర సంతకాలు అయిపోతే మా మాట పూర్తయినట్టు. బల్ల మీద ఒక పళ్లెం, పళ్లెంలో మడతపెట్టిన శాలువా ఉన్నాయి. గురవయ్య గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు నిమిషాలకోసారి శాలువా అక్కడే ఉందా అని చూసుకుంటున్నారు. ఆయన ముక్కు ధారగా కారుతోంది.

పరాంకుశం గారు లేచారు. "ప్రియమైన బాలబాలికలారా! ఒక పదమును సమూలముగా, సశాస్త్రీయముగా, సాంతముగా జీర్ణించుకొనిన పాఠశాలగా మీ పాఠశాల ఈ మండల చరిత్ర యందు నిలిచిపోవు శుభ ఘడియ ఆసన్నమైనది," అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం.

రిజిస్టరు నా చేతిలో ఉంది. ఒక్కొక్కరి దగ్గరికీ నేనే తీసుకెళ్లాలి. ఆరో తరగతి నుంచి మొదలుపెట్టి ఎనభై రెండు సంతకాలు అయ్యాయి. గౌసియా కూడా పెట్టింది. మిగిలింది నా పేరు. మూత తీసిన పెన్ను పట్టుకుని నిలబడ్డాను. మొదటి పేజీలో పదకొండో నిబంధన రాసింది నేనే.

"కానియ్యమ్మా," అన్నారు గురవయ్య గారు.

నేను ఏదో అన్నాను. ఎవరికీ వినపడలేదు.

"ఏంటి?"

"నాకు అర్థం కాలేదు సార్."

ఈసారి వరండాలో నిలబడ్డ వంట ఆయమ్మకు కూడా వినపడింది. గౌసియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గురవయ్య గారు నా వైపు దూకినంత పని చేశారు. "అర్థం కాకపోవడం ఏంది? ఇంగ్లిషులో క్లాస్ ఫస్టువి! నలభై ఒక్కటి అర్థమై ఇదొక్కటి కాకపోవడమేందే? పెట్టు సంతకం!"

పరాంకుశం గారు ఆయన్ని కూర్చోమని సైగచేసి, నవ్వు ముఖం పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "భయపడకు చిరంజీవీ. నేను వివరించెదను. బస్సు వచ్చినదా?"

"వచ్చింది సార్."

"మరునాడు?"

"వచ్చింది సార్."

"పది దినములును?"

"వచ్చింది సార్."

"మరి దానినే కదా క్రమము తప్పక తిరుగుట అందురు! ఇంకేమి బోధపడలేదు?"

"రేపు వచ్చిద్దా సార్?"

"రేపెందుకు వచ్చును? ప్రదర్శన ముగిసినది కదా."

"అదే సార్ నాకు అర్థం కానిది."

ప్రసూనాంబ టీచరు పైకప్పులో ఏదో వెతుకుతున్నట్టు చూస్తున్నారు. తర్వాత ఆమె నా చేతిలోంచి రిజిస్టరు తీసుకుని, మొదటి పేజీ తిప్పి, పదకొండో నిబంధన పైకి చదివారు. మెల్లగా, ఒక్కో పదం విడదీసి, పాఠం చెప్పినట్టు చదివారు. 'ప్రతి పనిదినమున' అన్న చోట రెండుసార్లు చదివారు.

పరాంకుశం గారు నిబంధనలను మీరే మనిషి కారు. పళ్లెం మీద గుడ్డ కప్పి జీపులో పెట్టించుకున్నారు. మరునాడు ఎనిమిదింబావుకు బస్సు వచ్చింది.

ఆ వారంలోనే నోటీసు బోర్డు మీద జాబితా వేలాడింది. 'అర్థగ్రహణ లోప విద్యార్థుల పట్టిక' అని పైన, కింద ఒకే ఒక్క పేరు, నాది. అది నాచేతనే రాయించారు, నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది కాబట్టి. అమ్మ బావి దగ్గర ఎవరో అనగా విని ఇంటికొచ్చి కూలబడింది. "మొద్దుల పట్టీలో ఎక్కిచ్చారంట గదే నిన్ను! ఊరంతా అంటా ఉండారు. నీకేం తక్కువ చేశామే?" అని కొంగు నోట్లో కుక్కుకుంది. నాయన మరునాడు పొద్దున బస్సులో గని దాకా కూర్చుని పోయాడు.

గౌసియా మాత్రం నాలుగు రోజులు నన్ను వదల్లేదు. "ఏమే మొద్దూ, బస్సంటే ఏందో తెలుసునా నీకు? నాలుగు చక్రాలుంటాయి, పైన టాపుంటాది" అని అందరి ముందూ చేతులు తిప్పుతూ చెప్పేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. బెంచీలు ఎగిరిపడేలా నవ్వేవాళ్లు.

నాకు అర్థమయ్యేలా చెప్పడానికి జిల్లా నుంచి నిపుణులు వచ్చారు. మొదటాయన బొమ్మ బస్సు తెచ్చి బల్ల మీద ముందుకీ వెనక్కీ నడిపాడు. రెండో ఆమె నా బాల్యం గురించి అడిగింది. మూడో ఆయన నా కళ్లు పరీక్షించి చూపు బాగానే ఉందని రాసి వెళ్లాడు. అందరూ పొద్దున బస్సులోనే వచ్చి సాయంత్రం బస్సులోనే వెళ్లారు.

గురవయ్య గారు పది రోజులు నా ముఖం చూడలేదు. ఆయన టౌను నుంచి రోజూ స్కూటరు మీద వచ్చేవారు. నడుము నొప్పితో కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చునేవారు. ఫిబ్రవరిలో ఒకరోజు స్కూటరు చెడి బస్సులో వచ్చారు. మరునాడు స్కూటరు బాగైనా బస్సులోనే వచ్చారు. ఆ వారం చివర వరండాలో నన్ను ఆపి, అటూ ఇటూ చూసి, "ఏమ్మా, ఏమన్నా అర్థమవుతోందా?" అన్నారు.

"లేదు సార్."

"తొందరేం లేదులే," అని నిటారుగా నడుచుకుంటూ వెళ్లిపోయారు.

పదో తరగతి ఫలితాల్లో నాకు ఇంగ్లిషులో తొంభై ఎనిమిది వచ్చాయి. పరాంకుశం గారు ఫోన్ చేసి, అర్థగ్రహణ లోపమున్న పిల్లకు అన్ని మార్కులెలా వచ్చాయని అడిగారట. "ఆ పోయిన రెండూ దానికే పోయి ఉంటాయి సార్," అన్నారట ప్రసూనాంబ టీచరు.

వేసవి సెలవుల్లో బస్సు లేదు. పనిదినాలు కావు కాబట్టి. అప్పుడే పరాంకుశం గారి నుంచి బడికి ఉత్తరం వచ్చింది. బడి తెరిచిన రోజున సదరు విద్యార్థినికి టీసీ ఇచ్చి పంపివేయవలెననీ, తక్షణమే పేరు కొట్టివేయవలెననీ, బోధపడని విద్యార్థులు రిజిస్టరులో ఎవ్వరూ మిగలరు గనుక ఆ ఘడియనే పథకము ముగించి శాలువా కప్పెదమనీ అందులో ఉంది. నేను కాలేజీలో చేరే రోజే బస్సు ఆగిపోతుంది.

ప్రసూనాంబ టీచరు చెప్పిన ఆ ఉత్తరం గురించి నేనూ గౌసియా చాలా మాట్లాడుకున్నాం. తర్వాత గౌసియా వాళ్ల చెల్లెలు నాజియాను కూర్చోబెట్టాం. నాజియా అయిదు పాసైంది. నేను పరాంకుశం గారిలా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదాన్ని.

"బోధపడినదా చిరంజీవీ?"

"లేదు సార్."

"శాలువా చూపిస్తే?"

"లేదు సార్."

"అక్క జడ పట్టుకుని లాగితే?" అంది గౌసియా.

"లేదు."

"చాక్లెట్ ఇస్తే?"

నాజియా ఆలోచించింది. "చాక్లెట్ తీసుకుంటా. అర్థం మాత్రం కాదు," అంది.

జూన్‌లో బడి తెరిచారు. ఎనిమిదింబావు బస్సులో గురవయ్య గారు, పరాంకుశం గారు, పళ్లెంలో శాలువా దిగారు. నేను కాలేజీకి వెళ్లే కొత్త బట్టల్లో టీసీ కోసం నిలబడ్డాను. నా పక్కన నాజియా, అడ్మిషన్ కాగితం పట్టుకుని. ఎనిమిదిన్నరకు వెనక్కి పోవాల్సిన బస్సు గేటు బయట ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

"ముందు టీసీ కానివ్వండి," అన్నారు పరాంకుశం గారు. "పేరు కొట్టివేసి రిజిస్టరు ముగింపుడు. కొత్త ప్రవేశములు తదుపరి చూచుకొనవచ్చును."

గురవయ్య గారి బల్ల మీద ఒకవైపు టీసీ పుస్తకం, ఇంకోవైపు అడ్మిషన్ రిజిస్టరు ఉన్నాయి. ఆయనకు సర్వీసు ఇంకా పద్ధెనిమిది రోజులుంది. ఆయన శాలువా వైపు చూశారు. అది మంచి శాలువా, జరీ అంచు ఉంది. తర్వాత కిటికీలోంచి బయటికి చూశారు. మా అమ్మ, గౌసియా, వాళ్ల అమ్మీ, పలకల ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరక్కలు బస్సులో కూర్చుని ఉన్నారు. మా నాయన ఫుట్‌బోర్డు దగ్గర నిలబడి వాచీ చూసుకుంటున్నాడు.

ఆయన ముక్కు తుడుచుకుని అడ్మిషన్ రిజిస్టరు దగ్గరికి లాక్కున్నారు.

"పేరు?"

"షేక్ నాజియా సార్."

"తరగతి?"

"ఆరు సార్."

"గురవయ్య గారూ! ముందు టీసీ అంటిని కదా!" అన్నారు పరాంకుశం గారు.

"చెయ్యి దీని మీద పడింది సార్. సిరా ఆరిపోయింది," అన్నారు గురవయ్య గారు. ఆ తర్వాత నా టీసీ రాసి, నా పేరు కొట్టేసి, పదాల రిజిస్టరు కూడా నాజియా ముందుకు జరిపారు. "కొత్త పిల్ల సార్. తొమ్మిదో నిబంధన ప్రకారం ఈమె సంతకం కూడా కావాలి గదా."

పరాంకుశం గారు ఒక నిమిషం నాజియాను చూశారు. జేబులోంచి చాక్లెట్ తీశారు. "చిరంజీవీ, అదిగో, బయట బస్సు ఉన్నది. ఆ బస్సు పోవును, వచ్చును. దీనిని ఏమందురో నీకు బోధపడినది కదా?"

నాజియా చాక్లెట్ కాగితం విప్పి, నోట్లో వేసుకుని, బుగ్గకు ఒక పక్కకు నెట్టుకుంది.

"లేదు సార్."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. ఆరు, ఏడు, ఎనిమిది అని గొణుక్కుంటూ వేళ్లు మడవడం మొదలుపెట్టారు. పదికి వచ్చేసరికి పిడికిలి మూసుకుపోయింది.

బయట సుభానీ అన్న హారన్ కొట్టాడు. నేను టీసీ మడిచి పుస్తకంలో పెట్టుకుని పరిగెత్తాను.